నాలుగడుగులు లేపితే నీళ్లు ఎటు పోవాలి?

మొన్న కావలిలో ఒక పెళ్లికి పోయాను. పంక్తిలో నా పక్కన బావ వరసాయన కూర్చున్నాడు. రోడ్డు పనులు చేసే సబ్ కాంట్రాక్టరు. పప్పూ పులుసూ అయ్యాయి, రసం ఇంకా రాలేదు. ఆ ఖాళీలో తన కొత్త పని సంగతి ఎత్తుకున్నాడు. "ఈసారి రోడ్డు నాలుగడుగులు లేపుతుండాం బావా. ఇంక ఎంత తుఫాను వచ్చినా టైరు తడవదు" అన్నాడు. ఎదురు పంక్తిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎవరి తరఫు చుట్టమో తెలియదు. అన్నం కలుపుతూ, తల కూడా ఎత్తకుండా, "మీ టైరు తడవకపోతే మా గోడలు తడుస్తాయి అబ్బయ్యా" అన్నాడు. అందరం నవ్వాం. రసం వచ్చింది. మాట పెళ్లికొడుకు జీతం మీదికి పోయింది.

ఇంటికొచ్చాక కూడా ఆ పెద్దాయన మాట నన్ను వదల్లేదు. నేను ఇంజనీరును కాను. కావలికీ ఉదయగిరికీ మధ్య ఒక ఊళ్లో లెక్కల మాస్టారిని. రోజూ బస్సులోనో బండి మీదో ఒక చప్టా (వాగుకు అడ్డంగా, వరదొస్తే నీళ్లు పైనుంచి పారేలా వేసిన దారి) దాటి బడికి పోతాను. ఆ చప్టా మీద నిలబడి ఆలోచించిన ఆలోచనలే ఇవి. వాతావరణం మారుతోంది కాబట్టి రోడ్లు గట్టిగా, ఎత్తుగా, వెడల్పుగా వెయ్యాలని ఈమధ్య పేపర్లో, మీటింగుల్లో తెగ వినిపిస్తోంది. నా మాట వేరు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్డు ఎత్తు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు రోడ్డు కింద నీటికి దారి ఉందా లేదా చూడాలి. పెద్ద రోడ్డు వెడల్పు సంగతి కూడా తర్వాతే, ముందు అది తెగిన రోజు జనం ఏ దారిన పోవాలో తేల్చాలి. ఇది రాస్తూ నేనే రెండుచోట్ల తడబడ్డాను. అవీ చెప్తాను.

పటం అడ్డంగా పెట్టి చూస్తే

మన జిల్లాల పటం తీసి చూడండి. పడమట వెలికొండలు, తూర్పున సముద్రం. పెన్న, మన్నేరు, పాలేరు, మూసి, గుండ్లకమ్మ, ఇవి కాక పేరు ఉన్నవీ లేనివీ బోలెడు వాగులు. అన్నీ ఎన్ని వంకర్లు తిరిగినా చివరికి పోయేది తూర్పుకే. మనుషులు వేసిన దారులు మాత్రం ఉత్తరం నుంచి దక్షిణానికి. తీరాన బకింగ్‌హాం కాలువ, దానికి పడమటగా 1899లో విజయవాడనీ మద్రాసునీ కలిపిన రైలు కట్ట, దాని పక్కనే మనం ఇప్పటికీ అయిదో నంబరు అని పిలిచే పదహారో నంబరు జాతీయ రహదారి. ఇంకా లోపలికి పోతే కనిగిరి, పామూరు, దుత్తలూరు మీదుగా వెంకటగిరి వైపు పోయే 565 నంబరు జాతీయ రహదారి. అన్నీ నీటికి అడ్డంగానే పడుకుని ఉన్నాయి.

మనకు అది రోడ్డు. నీటి లెక్కలో అదొక చెరువు కట్ట. కట్టకు తూములున్నాయా, కలుజు (ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లిపోయే చోటు) ఉందా, ఉంటే ఎంత వెడల్పు, ఆ రెండు మూడు విషయాలే నీటికి కావాలి. చెరువు కట్టేటప్పుడు మన పూర్వీకులు మొట్టమొదట తేల్చుకున్నది కలుజు ఎక్కడ పెట్టాలనే. కట్ట తర్వాత. కంభం చెరువు అన్ని వందల ఏళ్లు నిలిచిందంటే కట్ట ఎత్తు ఒక్కటే కారణం అని నేననుకోను. రోడ్లకొచ్చేసరికి మనం తిరగేశాం. ముందు కట్ట పోస్తాం, ఆ తర్వాత ఎక్కడెక్కడ పైపులు పెట్టాలా అని చూస్తాం.

పైగా మన వాన కూడా వేరు. రాష్ట్రంలో చాలాచోట్ల పెద్ద వానలు సెప్టెంబరుతో అయిపోతాయి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. తుఫాన్లూ అప్పుడే. అంటే చెరువులు నిండి, కలుజులు పారుతూ, నేల ఇంక ఒక్క చుక్క తాగలేని కార్తీక మాసంలో మీద ఇంకో కుండపోత. 2023లో మిచౌంగ్ తుఫాను అలాగే మన తీరాన్ని ఆనుకుని నిదానంగా నడుచుకుంటూ పోయి డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదట. మా సైన్సు మేడం చెప్పింది. ఆ తేమంతా ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నెత్తినో పడాల్సిందే కదా.

కొవ్వూరు కాదు, కోవూరు

2021 నవంబరు 21, ఆదివారం. కార్తీక పౌర్ణమి వెళ్లిన రెండో రోజు. మా అమ్మ అప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా అక్క ఇంట్లో ఉంది. రాత్రి నుంచి ఫోను కలవడం లేదు. పొద్దున్నే బండేసుకుని కావలి నుంచి బయలుదేరాను. కోవూరు చాలా దూరం ఉందనగానే లారీలు ఆగిపోయి ఉన్నాయి. (హైదరాబాదు బంధువులు కోవూరంటే కొవ్వూరు అనుకుని గోదావరి దగ్గరికి ఎందుకు పోయావని అడిగారు. ఆ టెన్షన్లో అదొకటి.) బండి కాబట్టి లారీల పక్కనుంచి నెమ్మదిగా ముందుకు పోయాను. ఒక లారీ కింద ఇద్దరు డ్రైవర్లు స్టవ్వు పెట్టుకుని అన్నం వండుకుంటున్నారు. ఇంకో వ్యానులో వనామి రొయ్యలు. అట్టపెట్టెల కిందనుంచి కరిగిన ఐసు నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ కుర్రాడు నన్ను చూసి "అన్నా, ఇక్కడ ఐసు ఫ్యాక్టరీ ఎక్కడన్నా ఉండాదా?" అని అడిగాడు. నాకు తెలియదు. ఆ కుర్రాడు మళ్లీ పెట్టెల వైపు చూసి చొక్కా విప్పి వాటి మీద ఎండ పడకుండా కప్పాడు. ఒక్క చొక్కా ఎన్ని పెట్టెలకు సరిపోతుంది?

పోలీసులు ఆపేసిన చోటునుంచి అవతలికి చూస్తే రోడ్డు కోసుకుపోయి ఉంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట పరిస్థితీ అంతే, పట్టాల కింద కంకరా మట్టీ కొట్టుకుపోయాయి. చెన్నై, విజయవాడల మధ్య రోడ్డూ రైలూ రెండూ ఒకేసారి, ఒకేచోట తెగాయి. పెన్నకు ఇవతల నేను, అవతల అమ్మ. మధ్య దూరం పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. మధ్యాహ్నానికి అక్క ఫోను కలిసింది. వాళ్ల వీధికి నీళ్లు రాలేదట. "నువ్వెందుకొచ్చావురా ఈ వరదలో" అని అమ్మ తిట్టింది. నేను వెనక్కి వచ్చేశాను.

ఆ వరద మన వానతో వచ్చింది కాదు, అది మనందరికీ తెలుసు. నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేరు పెన్నలో కలిసింది, పెన్న సోమశిల జలాశయంలోకి వచ్చింది. 78 టీఎంసీల సోమశిల అప్పటికే నిండుగా ఉంది. వచ్చింది వచ్చినట్టు వదలడం తప్ప దారి లేదు. అయిదు లక్షల క్యూసెక్కులు దాటింది. కోవూరులో రోడ్డు తెగడానికి బీజం కడప జిల్లాలో పడింది. అలాంటప్పుడు ఒక రోడ్డు ప్లాను వేసేవాడు తన రోడ్డుకు అటూ ఇటూ వంద మీటర్లు కొలిచి ఊరుకుంటే ఏం లాభం? ఆ రోడ్డు మీదికి రాగల నీళ్లు ఏ కొండ మీద పుడుతున్నాయో, మధ్యలో ఏ గేట్లు తుప్పుపట్టి ఉన్నాయో చూడాలి కదా. గేట్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023లో మిచౌంగ్ తర్వాత ఇంకొకటి. ఆ ప్రాజెక్టు దిగువన గుండ్లకమ్మ దాటే ప్రతి రోడ్డుకూ ఆ గేట్లతో సంబంధం ఉంది. కానీ గేట్లు ఒక శాఖవి, రోడ్లు ఇంకో శాఖవి.

చింతపిక్కల లెక్క

పెద్ద వంతెనలకు నూరేళ్లకోసారి వచ్చే వరదను లెక్కలోకి తీసుకుంటారు. ఈ మాట వినగానే జనానికి ఒక ధైర్యం వస్తుంది. 2021లో వచ్చింది కదా, మళ్లీ 2121లోనే అని. మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు సరిగ్గా ఇదే అన్నాడు, "ఇంకా తొంభై ఏళ్లకు పైగా ఉంది కద్సార్" అని. సంభావ్యత పాఠం అప్పుడే నడుస్తోంది. సరే అని ఒక సంచిలో వంద చింతపిక్కలు వేయించాను. ఒక్కదానికి సున్నం పూశాం. ఒక్కొక్కరు చూడకుండా ఒక పిక్క తియ్యాలి, చూసుకుని మళ్లీ సంచిలో వెయ్యాలి. అలా ముప్ఫై సార్లు, అంటే ముప్ఫై ఏళ్లు. క్లాసులో ఆ రోజు ఇరవై ఎనిమిది మంది. గంట మోగి, తర్వాతి గంట కూడా సగం అయిపోయింది. (హిందీ సారుకు ఈ బ్లాగు ద్వారా క్షమాపణలు.) ఏడుగురికి సున్నం పిక్క కనీసం ఒకసారి తగిలింది. ఒక పిల్లకు రెండో సారి, మళ్లీ అయిదో సారి. "నా ఊరు రెండుసార్లు మునిగింది సార్" అని గోల.

లెక్క వేసినా అంతే వస్తుంది. ఏడాదికి నూటికొక్క వంతు అవకాశం ఉన్న వరద ముప్ఫై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. అరవై ఏళ్లలో 45 శాతం. ఒక వంతెన అరవై ఏళ్లు నిలవాలనుకుంటే, దాని జీవితంలో ఆ వరద రావడం, రాకపోవడం దాదాపు బొమ్మా బొరుసే. అదీ సంచిలో సున్నం పిక్క ఒక్కటే ఉందనుకుంటేనే. వేడెక్కిన సముద్రం ఆ సంచిలో ఇంకో రెండు పిక్కలకు సున్నం పూసి వేస్తే? ఎన్ని పూసిందో మనకు ఎవరూ చెప్పరు. చిన్న వంతెనలకూ కల్వర్టులకూ వరద అంచనా వేసేందుకు కేంద్ర జల సంఘం ప్రాంతాల వారీగా తెచ్చిన నివేదికలు చాలావరకు 1980లు, 90ల నాటివి. వాటిలోని వాన లెక్కలు అంతకు ముందరివి. పాత సంచి లెక్కతో కొత్త కల్వర్టు కడుతున్నాం.

చిన్న కల్వర్టులకైతే నూరేళ్ల లెక్క కూడా ఉండదు, ఇంకా తక్కువే. అక్కడే నాకు అసలు భయం. పెద్ద వంతెనలు సాధారణంగా నిలుస్తాయి, పక్కనున్న కట్టలూ చిన్న తూములూ పోతాయి. 2005 అక్టోబరులో నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజరు రైలు పడిపోయి నూరు మందికి పైగా పోయారు. అక్కడ కొట్టుకుపోయింది కృష్ణమ్మ మీది వంతెన కాదు. ఎగువన చెరువు తెగి ఒక చిన్న రైలు వంతెన పోయింది.

బావ మాటలో నిజం

ఇక్కడి దాకా రాసి బావకు ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు గానీ నా గాలి తీశాడు.

మొదటిది, "తూములు పెద్దవి చెయ్యమంటావు. చేస్తాం. దిగువోడు ఊరుకుంటాడా?" అన్నాడు. నాకు వెంటనే మా బడి ఊరే గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద రోడ్డు కింద రెండు పైపులు తీసేసి బాక్సు కల్వర్టు కట్టారు. రోడ్డుకు పడమటి పక్క వాళ్లు పాయసం వండుకున్నంత సంబరపడ్డారు. ఆ ఏడు నవంబరులో ఒక రాత్రి ఎవరో గోనె సంచుల్లో ఇసుక నింపి, తాటి మొద్దులు అడ్డం పెట్టి, కొత్త కల్వర్టును సగం మూసేశారు. ఎవరో ఏంటి, అందరికీ తెలుసు. తూర్పు పక్క రైతులు. పైపులున్నప్పుడు వాళ్ల పొలాల్లోకి మెల్లగా రెండు రోజులు వచ్చే నీళ్లు ఇప్పుడు ఒక్క పూటలో వచ్చి నారుమడిని ఎత్తుకుపోయాయి. వాళ్ల తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. అంటే రోడ్డు కింద నీటికి దారివ్వడం సగం పనే. ఆ నీళ్లు ఆ తర్వాత పోయే కాలువ పూడిపోయి, దాని గట్టు మీద ఇళ్లు లేచి ఉంటే కల్వర్టు పెద్దది చేసి ప్రయోజనం లేదు. నా వాదనలో ఇదొక పెద్ద గుంట, ఒప్పుకుంటున్నాను. రోడ్డు ఎస్టిమేటులో దిగువ కాలువ తవ్వడానికి కూడా పద్దు ఉండాలి అని మాత్రం అనగలను. బావ నవ్వాడు. "కాలువ ఇరిగేషనోళ్లది, మేం గునపం వేస్తే మా మీద కేసు" అన్నాడు.

రెండోది ఇంకా గట్టిది. "రెండో దారి, రెండో దారి అంటుండావు కదా. 2021లో రెండో దారి కూడా తెగిందే?" నిజమే. తీరం లైను పడుగుపాడు దగ్గర తెగిన ఆ వారమే, గుంతకల్లు, కడప మీదుగా రేణిగుంటకు పోయే లైను కూడా నందలూరు, రాజంపేటల మధ్య చెయ్యేటి వరదకు కొట్టుకుపోయింది. ఒక దారి మూసుకుంటే రైళ్లను ఇంకో దారిన మళ్లిద్దామంటే ఆ ఇంకో దారికీ అదే వాన, అదే నది. రెండు దారులున్నంత మాత్రాన చాలదు. రెండింటికీ ఒకే శత్రువు ఉండకూడదు. నేను ఆ సంగతి అంత స్పష్టంగా ఆలోచించలేదు, బావ చెప్పాకే తట్టింది.

అందుకే ఇప్పుడు నడికుడి, శ్రీకాళహస్తి కొత్త రైలు లైను గురించి నాకు ఆత్రం. 309 కిలోమీటర్లు. పల్నాడు నుంచి దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా వచ్చి వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి దాకా. ముక్కలు ముక్కలుగా కడుతున్నారు. పడమటి ఊళ్లకు రైలు కూత వినిపించడమే గొప్ప, కాదనను. తీరం లైను మునిగినప్పుడు సరుకూ జనమూ పోయే దారి కూడా అదే అవుతుంది. కానీ అది వెలికొండల పాదాల వెంట పోతుంది. కొండ కింద వాగులు రెండు గంటల్లో వచ్చి రెండు గంటల్లో పోయే రకం. పెన్ననూ దాటాలి. ఈ లైను కట్టేటప్పుడే, "తీరం లైను తెగిన రోజు ఇది తెగకూడదు" అన్న ఒక్క షరతుతో వంతెనల వెడల్పు నిర్ణయిస్తున్నారా? ఒక్కో వంతెనను విడిగా, దాని వాగు దానికి లెక్కవేసి పోతే ఆ షరతు ఎక్కడా కనపడదు. మొత్తం ప్రాంతాన్ని ఒకేసారి చూసేవాడికే కనపడుతుంది. ఓబులవారిపల్లె, వెంకటాచలం లైను 2019లో మొదలైంది. ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగంతో వెలికొండలను చీల్చుకుని రెండు లైన్లనూ కలిపింది. కృష్ణపట్నం రేవు సరుకు కోసం వేసినా, తెగిన రోజున ఇలాంటి అడ్డదారే అక్కరకొస్తుంది.

మూడోది డబ్బు. దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. ఒక్క సంగతి మాత్రం. పెన్న మీద సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ 2022 సెప్టెంబరులో అయ్యాయి. అంతకు ముందు సంగం దగ్గర పాత ఆనకట్ట మీది దారి వరదొస్తే మునిగేది, పొదలకూరు వైపు పోవాల్సినవాళ్లు నెల్లూరు చుట్టి రావాలి. ఇప్పుడు నీళ్లు ఆపేదీ మనుషుల్ని దాటించేదీ ఒకే కట్టడం. నీటి పద్దు, రోడ్డు పద్దు వేరువేరుగా రాసుకోకపోతే డబ్బు ఆదా అవుతుందని చెప్పడానికి నాకు దొరికింది ఇదే.

చప్టా

బావ పెద్ద రోడ్డు మనిషి. నేను చప్టా మనిషిని. నేను రోజూ దాటే చప్టాకు అటొకటి ఇటొకటి గేజి రాళ్లుంటాయి. ఒకప్పుడు వాటి మీద తెలుపు, ఎరుపు గీతలు, అడుగుల అంకెలు ఉండేవి. ఇప్పుడు ఒక రాయి మీద 3 అంకె మాత్రం మిగిలింది, రెండోదాని మీద ఏదో ట్యూషన్ సెంటర్ పోస్టరు. నీళ్లొచ్చినప్పుడు మా బస్సు డ్రైవరు బండి ఆపి ఇంజను ఆపకుండా దిగుతాడు. గట్టున ఉన్న ఎవరినో ఒకరిని చొక్కా ఊడబీకి నడవమంటాడు. ఆ మనిషికి మోకాలు దాటితే బస్సు వెనక్కి. మోకాలి లోపల ఉంటే, నీళ్లు బురద రంగులో ఉన్నాయా తేటగా ఉన్నాయా చూస్తాడు. బురద రంగయితే ఇంకా పెరుగుతుందని లెక్క. ఆయనకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. ఒకసారి అడిగాను, "ఎవరికన్నా మోకాలు ఎత్తుగా ఉంటే?" అని. "అందుకే సార్, మిమ్మల్ని దింపను" అన్నాడు. నేను ఆరడుగులు.

పోయిన ఏడాది హాజరు పట్టీ తీసి చూశాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాగు అవతలి వీధుల పిల్లలందరికీ ఒకేరోజు గైర్హాజరు పడ్డ రోజులు పదకొండు. ఆ పదకొండు రోజులు ఏ తుఫాను నష్టం జాబితాలోనూ ఉండవు. హైవే ఆరు గంటలు ఆగితే టీవీలో వస్తుంది. ఆ చప్టాల అవతల ఉన్న గర్భిణులు డేటు దగ్గరపడగానే ముందుగానే పుట్టింటికో, కావలిలో చుట్టాలింటికో వచ్చి ఉండటం మామూలైపోయింది. జనం తమంతట తామే సర్దుకుపోయారు. ప్లాను మాత్రం వాళ్ల దాకా రాలేదు.

అన్ని చప్టాలనూ ఎత్తు వంతెనలు చెయ్యమని నేననను. కొన్ని మునగనీ. మునిగినా కొట్టుకుపోకుండా కట్టిన చప్టా, పై నుంచి నీళ్లు పారిపోయాక సాయంత్రానికి మళ్లీ దారి ఇస్తుంది. ఎత్తుగా మట్టి పోసి కట్టింది ఒకసారి తెగితే నెల. నాకు కావలసింది ఆ మునగడం ముందే తెలియడం. గేజి రాళ్లకు ఏటా దసరాకు ముందు రంగు వెయ్యాలి. చప్టా మునిగితే ఏ ఊరి మీదుగా ఏ దారిన పోవాలో బోర్డు పెట్టాలి. ఆ చుట్టు దారిలో కనీసం ఒక్క కల్వర్టు అయినా ముందు బాగుచెయ్యాలి. మండలానికి ఒక్క చుట్టు దారి నిలబడితే చాలు. ఆరు వరసల రహదారిలో కొన్ని మీటర్లకయ్యే ఖర్చుతో ఇన్ని రాళ్లకు రంగు వెయ్యొచ్చని నా అనుమానం, లెక్క వెయ్యలేదు.

ఎండ గురించి రెండు మాటలు. పడమటి ప్రకాశంలో నీళ్ల కంటే ఎండే దారులను ముందు దెబ్బకొడుతుంది. 2015 మే వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. మార్కాపురం, కనిగిరి వైపు మధ్యాహ్నం బస్సు కోసం నిలబడే చోట రేకు షెడ్డు ఉంటుంది. దాని కింద నిలబడటం కంటే పక్కనున్న వేపచెట్టు కింద నిలబడటం నయం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది ఆ వేపచెట్టే. ఎండకు తట్టుకునే తారు గురించి పేజీలు రాస్తారు, ఎండకు తట్టుకోవాల్సిన మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. దీని మీద ఇంకోసారి రాస్తాను.

బకింగ్‌హాం కాలువ సంగతి పైన ఊరికే ఎత్తలేదు. మా తాత కుర్రతనంలో ఆ కాలువ మీద పడవల్లో ఉప్పు, వరి, కట్టెలు మద్రాసు పోయేవి. 1960లలో ఒకసారి, 1976లో ఇంకోసారి తుఫాన్లు ఆ కాలువను దెబ్బతీశాయి. పూడిక తియ్యలేదు, గట్లు కట్టలేదు. లారీలొచ్చాయి కదా అనుకున్నారు. ఒక దారి అలా పోయింది. ఎవరూ దాన్ని మూసెయ్యాలని జీవో తియ్యలేదు.

పోయిన నెలలో మా చప్టా దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లు మూడు కాళ్ల స్టాండు మీద సర్వే మిషను పెట్టుకుని వచ్చారు. వంతెన వస్తుందని ఊళ్లో అప్పటికే చెప్పేసుకున్నారు. నీళ్లు ఇప్పటిదాకా ఎంత ఎత్తు వచ్చాయో అక్కడున్నవాళ్లను అడుగుతున్నారు. మా బడి ఆయమ్మ 2021 అని తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. ఆ కుర్రాడు టేపు తీసి కొలిచి రాసుకున్నాడు. పక్కన గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి, "కావలి తుఫానుకు ఇదేంది, ఆ చింతచెట్టు కొమ్మకు వచ్చినాయి నీళ్లు" అన్నాడు. 1989 నవంబరు సంగతి. కుర్రాడు నవ్వి, చెట్టు అప్పటికీ ఇప్పటికీ ఎదిగి ఉంటుంది కదా తాతా, ఆ కొలత రాయలేం అన్నాడు. నాకూ అనుమానం వచ్చి మా సైన్సు మేడానికి ఫోన్ చేశాను. చెట్టు ఎదిగేది చివర్ల దగ్గర, కాండం మీద కొమ్మ పుట్టిన చోటు పైకి జరగదు, కాకపోతే లావవుతుంది అని చెప్పింది. ఫోను స్పీకర్లో పెట్టి ఆ కుర్రాడికి వినిపించాను. అతను కాసేపు చెట్టు వైపు చూశాడు. తర్వాత టేపు ఒక కొస ముసలాయన చేతికిచ్చి, "ఏ కొమ్మ తాతా, ఇదా అదా?" అన్నాడు.